కరెంటు (రేడియేషన్) పెట్టిన మెడలో మళ్లీ పెద్ద ఆపరేషన్: కాలి ఎముక తీసి దవడకు వేస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

మర్రిగూడ బత్తాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా నాయన గురించి అడగాలి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికతో చదవండి.

నాయనకు అరవై దాటాయి. బత్తాయి తోట, కొంచెం పత్తి. చిన్నప్పటి నుంచీ జర్దా, అంబర్ అలవాటు. ఎడమ బుగ్గలో పెట్టుకుంటే పొద్దుగూకేదాకా అదే. ఆ బుగ్గలోనే పుండు లేచింది. 2019లో హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. బుగ్గ లోపలి భాగం, దవడ ఎముక పైఅంచు కొంత, ఎడమ మెడలో గడ్డలు తీసి, ఛాతీ కండను పైకి తిప్పి బుగ్గలో కుట్టారు. తర్వాత ముప్పై సిట్టింగులు కరెంటు పెట్టారు.

ఆ తర్వాత చాలాకాలం బాగానే ఉన్నాడు. మెత్తగా కలిపి పెడితే తినేవాడు. నోరు రెండు వేళ్లు పట్టేంత తెరుచుకునేది. పోయినేడు ఎడమ పక్క కింది పన్ను కదులుతోందని దగ్గర్లోని ఒక క్లినిక్‌లో పీకించుకున్నాడు. మెడ మీద అంత మచ్చ కనబడుతున్నా, కరెంటు పెట్టించుకున్నారా అని అక్కడ ఎవరూ అడగలేదు. ఆ గుంత మళ్లీ మానలేదు. లోపల ఎముక తేలింది, ఒకటే వాసన. పెంటాక్సిఫిలిన్, విటమిన్ ఇ మాత్రలు నెలల తరబడి వాడాం. ఒకసారి ఎముక గీకారు కూడా. ఇప్పుడు దవడ కింద చర్మానికి రంధ్రం పడింది. నీళ్లు తాగితే సగం గదవ కింద నుంచి కారుతున్నాయి. మెడకు తువ్వాలు లేకుండా బయటికి రాడు. మొన్న మేనకోడలు పెళ్లికి కూడా రాలేదు. ఎక్స్‌రేలో దవడ విరిగిందని తేలింది. ముక్క పరీక్షకు పంపిస్తే క్యాన్సర్ లేదన్నారు, అదొక్కటే నిమ్మళం.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్తున్నారు. ఒకాయన, "చచ్చిన ఎముక మొత్తం తీసేద్దాం. కాలి సన్న ఎముకను చర్మంతో, రక్తనాళంతో సహా తెచ్చి దవడ చేద్దాం. మైక్రోస్కోప్ కింద మెడలో నరాలకు, అంటే రక్తనాళాలకు కలపాలి. ఎడమ మెడ ఒకసారి ఆపరేషన్ అయింది, కరెంటు పడింది కాబట్టి కష్టమైన పనే, కానీ చేయొచ్చు" అన్నారు. ఇంకొకాయన, "ఆ మెడలో నరాలేం మిగిలి ఉండవు. కుడి ఛాతీ కండ తెచ్చి మూసేద్దాం, ఎముక వద్దు" అన్నారు. ఇద్దరూ మంచిగానే మాట్లాడారు. బయటికి వచ్చాక అమ్మ ఏమన్నారని అడిగితే నాకే నోట మాట రాలేదు.

నా అనుమానాలు ఇవి. ఒకసారి కోసి, కరెంటు పెట్టిన మెడలో అతికించింది బతుకుతుందా? మాది ఫ్లోరైడ్ ఏరియా, నాయనకు మోకాళ్లు, నడుము పట్టేసి ఉంటాయి. అలాంటి కాలి ఎముక దవడకు పనికొస్తుందా? ఆరోగ్యశ్రీలో అవుతుందా? ఇలాంటిది చేయించుకున్నవాళ్లు, దగ్గరుండి చూసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జడ్చర్ల టైలరక్క

తమ్ముడూ, మా ఆయనకు అచ్చం ఇదే కాదు కానీ దగ్గరదగ్గరగా ఇట్లాంటిదే అయింది. ఆయన లారీ నడిపేటోడు, గుట్కా. మొదటిసారి బుగ్గ ఆపరేషన్, కరెంటు, కీమో అన్నీ అయినంక రెండేళ్లకు అదే చోట మళ్లీ వచ్చింది. రెండోసారి తీసినంక బుగ్గ ఇటు నుంచి అటు చిల్లు. లోపలికీ బయటికీ రెండు వైపులా చర్మం కావాలని తొడ నుంచి పెద్ద ముక్క తీసి మడిచి పెట్టారు. నరాన్ని మాత్రం అవతలి పక్క మెడలో కలిపారు. ఇవతలి పక్క తెరిచి చూస్తే కండ అంతా ఒకటే ముద్దయిపోయి గట్టిపడిందని డాక్టర్ సార్ తర్వాత చెప్పాడు.

పొద్దున లోపలికి తీస్కపోతే బయటికి వచ్చేసరికి చీకటి పడింది. అంతసేపు పడుతుందని ముందే మనసుకు చెప్పుకోండి. గంటగంటకూ పోయి గార్డుని అడిగితే ఆయనకేం తెలుస్తుంది. ఆ రాత్రే ముక్క నీలం తిరిగిందని మళ్లీ థియేటర్‌కు తీస్కపోయారు. ఇక అయిపోయింది అనుకున్నా. సిరలో గడ్డ కట్టిందట, తీసి మళ్లీ కలిపారు. నిలబడింది.

ఇప్పుడు ఎట్లున్నాడంటే, మాట కొంచెం ముద్దగా వస్తుంది, ఫోన్‌లో కొత్తవాళ్లకు అర్థం కాదు, ఇంట్లో మాకు అన్నీ అర్థమైతయి. పప్పన్నం మెత్తగా పిసికి పెడితే తింటాడు. కారం మాత్రం పనికిరాదు. తొడ చర్మం కదా, నోట్లో వెంట్రుకలు మొలిచినయి! ఎవరూ ముందు చెప్పలే. చూసి భయపడ్డం, డాక్టర్ నవ్వి, ఉంటాయమ్మా, మళ్లొచ్చినప్పుడు కత్తిరిద్దాం అన్నాడు. ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టి రోజూ నోరు తెరిపించాలి. ఏడిపించైనా చేయించాలి, లేకుంటే నోరు బిగుసుకుపోతుంది.

మీ నాయనకు క్యాన్సర్ లేదని వచ్చింది కదా, మాకంటే మీరు నయం. ధైర్యంగా ఉండండి.

మిర్యాలగూడ మిల్లు

అందరూ బాగైందనే రాస్తారు, కానిది కూడా తెలియాలి. మా మేనమామకు రెండోసారి ఆపరేషన్‌లో చేతి చర్మం తెచ్చి వేశారు. మూడో రోజుకు ముక్క నల్లబడింది. చూసేసరికి ఆలస్యమైంది, తీసేసి ఛాతీ కండ వేశారు. అది పట్టింది కానీ మెడలో నుంచి ఉమ్ము కారడం ఆగడానికి నెలలు పట్టింది, అన్నాళ్లూ ముక్కు గొట్టంతోనే జావ. ఆస్పత్రి పేరు చెప్పను. రాత్రిళ్లు వార్డులో చూసే మనిషి సరిగా లేడు, అదే నా బాధ. చేయించొద్దు అనను. అడగాల్సినవన్నీ అడిగి చేయించండి.

నకిరేకల్ సిస్టర్

మిల్లు అన్న మాట ఈ పోస్టులో అందరికంటే ముందు చదవాల్సింది. నేను హైదరాబాద్‌లో ప్లాస్టిక్ సర్జరీ ఐసీయూలో చాలా ఏళ్లు పనిచేసిన స్టాఫ్ నర్సును, ఇప్పుడు రిటైరై నకిరేకల్‌లో ఉంటున్నా. రాత్రి డ్యూటీలో నా పనే ఈ ఫ్లాపుల్ని, అంటే ఒంట్లో వేరేచోటి నుంచి తెచ్చి అతికించిన ముక్కల్ని చూడటం. డాక్టర్ని కాదు, కాబట్టి మీ నాయనకు ఏది చేయాలో నేను చెప్పను. ఏం అడగాలో మాత్రం గట్టిగా చెప్తా.

మొదట మెడ సంగతి. మొదటి ఆపరేషన్‌లో గడ్డలతో పాటు మెడలోని పెద్ద సిర కూడా చాలాసార్లు తీసేస్తారు. ఎడమ పక్క అది ఉందో లేదో పాత డిశ్చార్జి కాగితంలో, ఆపరేషన్ నోట్స్‌లో రాసి ఉంటుంది. ఆ కాగితాలు బీరువాలోంచి తీయండి, కొత్త డాక్టర్‌కు అవే కావాలి. ఇక కరెంటు పడ్డ చోట కండ అట్టలా గట్టిపడుతుంది, రక్తనాళం గోడ సాగే గుణం పోతుంది, సూది గుచ్చితే లోపలి పొర ఊడి వస్తుంది. ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న డ్రిప్పు పైపుకు కొత్త జాయింటు వేస్తే ఏమవుతుందో తోట ఉన్న మీ నాయనకు చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడ పైపు లావు రెండు మూడు మిల్లీమీటర్లే, కుట్టే దారం వెంట్రుక కంటే సన్నం.

అందుకని తెలివైన సర్జన్ ఆ ఎడమ మెడలోనే వెతుక్కుంటూ కూర్చోడు. కుడి పక్క మెడకు వెళ్తాడు. లేదా మెడ అడుగున, కాలర్ బోన్ పైన అడ్డంగా పోయే ధమనిని చూస్తాడు, అక్కడ కరెంటు దెబ్బ కొంత తక్కువ ఉండొచ్చు. అదీ కాకపోతే ఛాతీలో రొమ్ము ఎముక పక్కన ఉండే నాళాలు. సిర దొరక్కపోతే చేతి మీది పొడవాటి సిరను భుజం దగ్గర నుంచి పైకి తిప్పి తెచ్చుకుంటారు. పొడవు చాలకపోతే కాలి నుంచి సిర ముక్క తీసి మధ్యలో వేస్తారు, కానీ అప్పుడు ఒక జాయింటు రెండవుతుంది, రిస్కూ పెరుగుతుంది. ఇంకో ఉపాయం కూడా చూశాను. కాలి ఎముకలో కావాల్సిన ముక్కను కింది భాగం నుంచి తీసుకుని, పై ఎముకను వలిచేసి రక్తనాళాన్ని పొడుగు చేసుకుంటారు, చీలమండ దగ్గర మాత్రం ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు ముట్టుకోరు. కాబట్టి "నరాలు ఏం మిగల్లేదు" అన్న డాక్టర్ అన్నది ఎడమ మెడ గురించి అయితే నిజమే కావచ్చు. మనిషి ఒంట్లో మెడ అదొక్కటే కాదు.

మీరు డాక్టర్‌ని సూటిగా అడగండి: "సార్, దేనికి కలుపుతారు? లోపల తెరిచాక అది పనికిరాకపోతే దేనికి?" తడుముకోకుండా రెండో, మూడో పేరు చెప్పాడంటే ఆయన ఇట్లాంటివి చేసినవాడే. "అప్పుడు చూద్దాం" అంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. మెడకు, కాళ్లకు సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) చేయించకుండా డేటు ఇచ్చినా అంతే.

బతుకుతుందా అన్నారు. అనుభవం ఉన్న చోట మామూలు మెడలో నూటికి 95కు పైన నిలబడతాయి. కోసి, కరెంటు పెట్టిన మెడలో కూడా చేయి తిరిగిన వాళ్ల దగ్గర 90 పైనే నిలబడుతున్నాయి. ఫ్లాప్ పోవడం కంటే ఎక్కువగా ఏడిపించేది పక్కన ఉన్న పాత చర్మం మానకపోవడం, కుట్టు విడిపోవడం, ఉమ్ము మెడలోకి కారడం. మిల్లు అన్న చెప్పిన ఉమ్ము కథ అదే. అందుకే కరెంటు పడ్డవాళ్లకు నోటితో తిండి ఆలస్యంగా మొదలుపెడతారు. మామూలు వాళ్లకు వారం పది రోజులకు ఇస్తే వీళ్లకు రెండు వారాలో ఇంకా ఎక్కువో ఆపుతారు. ఆ గొట్టం చూసి మీ అమ్మ కంగారు పడొద్దు. చాటుగా చెంచాతో పాలు పోసే అత్తమ్మలను చాలామందిని చూశాను, దండం పెట్టి చెప్తున్నా, వద్దు.

ఇక రాత్రి కాపలా. మొదటి మూడు రోజులే ప్రాణం. మొదటి రెండు రోజులు గంటగంటకూ చూడాలి. ఎలా చూస్తామో చెప్తా, మీకూ తెలిస్తే మంచిది. టార్చి వేసి ముక్క రంగు చూస్తాం. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు మూడు సెకన్లలో మళ్లీ ఎరుపు తిరగాలి. నొక్కిన వెంటనే గబుక్కున నిండి, ఊదా రంగుకు తిరిగి ఉబ్బుతోందంటే రక్తం లోపలికి వస్తోంది కానీ తిరిగి పోయే దారి మూసుకుంది, సిరలో గడ్డ. పాలిపోయి చల్లబడి, నొక్కితే రంగు తిరిగి రావడం లేదంటే ధమని మూసుకుంది. సిర మూసుకోవడమే ఎక్కువ. అనుమానం వస్తే సన్న సూదితో గుచ్చుతాం. ఎర్రటి చుక్క నెమ్మదిగా వస్తే హాయిగా ఊపిరి పీల్చుకుంటాం. నల్లటి రక్తం బొటబొటా కారితే ఫోన్ చేతిలోకి తీసుకుంటాం. డాప్లర్ మెషిన్ పెట్టి రక్తం పారే చప్పుడు వింటాం. ఆ చప్పుడు ఆగిందని రాత్రి రెండింటికి సర్జన్‌కు ఫోన్ చేసిన రోజులున్నాయి. తిట్టిన డాక్టర్ ఒక్కడూ లేడు, చెప్పులు సరిగా వేసుకోకుండా పరిగెత్తి వచ్చినవాళ్లు ఉన్నారు. టైలరక్క భర్తకు నిలబడింది అందుకే. కాబట్టి రెండో ప్రశ్న: "రాత్రిపూట ఫ్లాప్ చూసేది ఎవరు, ఆ టైంలో థియేటర్ తెరుస్తారా?" రేటు కంటే ముందు ఇది అడగండి.

మీరు దగ్గరుండి చూడాల్సింది ఇంకొకటి ఉంది. మెడ చుట్టూ ఏదీ బిగించి కట్టకూడదు. గొంతుకు గొట్టం వేస్తే దాని తాడు మెడ చుట్టూ కడతారు కదా, ఫ్లాప్ పేషెంట్లకు అలా కట్టకుండా కుట్టు వేసి నిలుపుతాం. తెలియని కొత్త పిల్ల ఎవరైనా తాడు కడితే, ఆక్సిజన్ మాస్క్ ఎలాస్టిక్ మెడ మీద నొక్కితే, వెంటనే చెప్పండి, మొహమాట పడకండి. తల పక్కకు వాల్చి పడుకోనివ్వొద్దు. మీ నాయన తువ్వాలు కూడా ఇంట్లో వదిలేసి రండి. ఏసీ చలిగా ఉంటే దుప్పటి అడగండి, ఒళ్లు చల్లబడితే నాళాలు ముడుచుకుంటాయి.

ఆపరేషన్‌కు ముందు థైరాయిడ్ పరీక్ష, అదే టీఎస్‌హెచ్ చేయించండి. మెడకు కరెంటు పెట్టించుకున్నవాళ్లలో థైరాయిడ్ తగ్గిపోవడం చాలా మామూలు, నీరసం అనుకుని వదిలేస్తారు, గాయం మాత్రం మానదు. షుగర్, రక్తం, ఒంట్లో ప్రోటీన్ చూపించండి. నీళ్లే కారిపోతున్న మనిషి సరిగా తింటున్నాడని నేను అనుకోను. ముందే ముక్కు గొట్టం వేసి కొన్నాళ్లు బలం పట్టిద్దాం అంటే ఒప్పుకోండి, అవమానం అనుకోవద్దు. జర్దా ఇప్పటికీ ఏ మూలైనా ఉంటే ఇవాళే బంద్.

డబ్బు సంగతి: రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. కానీ పరిమితి వేరు, ప్యాకేజీ వేరు. మీ ఆస్పత్రిలో ఈ ఆపరేషన్‌కు ఏ ప్యాకేజీ కింద పర్మిషన్ వస్తుందో, ప్లేటు, స్క్రూల డబ్బు అందులోనే ఉందో కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి, అక్కడా ఒక మాట తీసుకోవచ్చు. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి అమ్మకు ఆధార్ ఉంటే బస్సు ఖర్చు లేదు, రానూపోనూ తిప్పుకోండి.

మర్రిగూడ బత్తాయి

సిస్టర్, మీ మెసేజ్ అమ్మకు చదివి వినిపించాను. పాత ఫైల్ దొరికింది. ఆపరేషన్ నోట్స్‌లో ఎడమ పక్క ఇంటర్నల్ జుగులర్ వెయిన్, అదే మీరు చెప్పిన పెద్ద సిర, కట్టేసి తీసేసినట్టు ఉంది. మరి రెండో డాక్టర్ చెప్పిన కుడి ఛాతీ కండ మార్గం తప్పా? ఆయన చాలా సీనియర్. ఫ్లోరైడ్ గురించి కూడా ఎవరైనా చెప్పండి. నాయన తొందరపడుతున్నాడు, "ఏదో ఒకటి చేసి ఈ కారడం ఆపండిరా" అంటున్నాడు. మా పెదనాన్న కొడుకు ఆక్సిజన్ ఛాంబర్‌లో కూర్చోబెడితే ఆపరేషన్ లేకుండానే మానుతుందని యూట్యూబ్ వీడియో పంపాడు.

పాలమూరు దవడ డాక్టర్

మహబూబ్‌నగర్‌లో దవడ, ముఖ శస్త్రచికిత్స ప్రాక్టీసు చేస్తాను. మీ నాయన గారిని చూడలేదు, రిపోర్టులు చూడలేదు, కాబట్టి ఇది సాధారణంగా చెప్పే మాట.

సీనియర్ గారు తప్పు చెప్పలేదు. ఛాతీ కండ ఫ్లాప్‌ను 1979లో అరియన్ అనే అమెరికన్ సర్జన్ పరిచయం చేశారు. మన దేశంలో ఇవాళ్టికీ ఎన్నో ఆస్పత్రులు దాని మీదే నడుస్తున్నాయి. దానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు, మెడలో నరం వెతకనక్కర్లేదు, ఛాతీలోని తన రక్తంతోనే అది వస్తుంది, ఆపరేషన్ టైం కూడా సగమే. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి, కాళ్ల నాళాలు బాగాలేనివారికి నేను కూడా అదే అంటాను. ఎముక లేకపోతే ఏమవుతుందంటే, దవడ మిగిలిన ముక్క ఎడమ వైపు లాక్కుపోతుంది, పళ్లు కలవవు, నమలడం కష్టం. పక్క దవడ అయితే చాలామంది దాంతోనే సర్దుకుపోతారు. అదే విరిగిన ఎముక గదవ ముందు భాగం దాకా పాడై ఉంటే మాత్రం ఎముక లేకుండా వదలకూడదు. గదవ వెనక్కి పడిపోతుంది, పెదవి నిలబడదు, ఉమ్ము ఆగదు. మీ సీటీలో చెడిన ఎముక ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో, గదవ మధ్య గీత దాటిందో లేదో అడగండి. నా దృష్టిలో మీ నిర్ణయంలో సగం అక్కడే తేలుతుంది.

మధ్యే మార్గంగా ఛాతీ కండ వేసి, లోపల టైటానియం ప్లేటు మాత్రం పెడదాం అని ఎవరైనా అంటే జాగ్రత్త. కరెంటు పడ్డ చర్మం కింద ఒట్టి ప్లేటు ఏడాదో రెండేళ్లో గడిచాక చర్మం చీల్చుకుని బయటపడటం మేం తరచుగా చూస్తాం. రక్తం ఆడని చోటికి రక్తం ఉన్న ఎముకను తేవడం, కాలి ఎముక వైద్యానికి ఉన్న పెద్ద బలం ఇదే. కాలి ఎముకను నాళంతో సహా తీయడం 1975లో టేలర్, దాన్ని ముక్కలుగా వంచి దవడ చేయడం 1989లో హిడాల్గో చూపించారు. ఇప్పుడది ప్రపంచమంతా చేస్తున్న పని.

ఫ్లోరైడ్ ప్రశ్న బాగుంది. మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లను చూసినప్పుడు నాకూ ఇది గుర్తొస్తుంది. ఫ్లోరోసిస్ ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది కానీ పెళుసు. రంపం పెట్టినప్పుడు, స్క్రూ వేసినప్పుడు చీలకుండా చూసుకోవాలి. సర్జన్‌కు మీరే ముందుగా చెప్పండి, కాళ్ల ఎక్స్‌రే చూసి ఆయన తేల్చుకుంటారు. అయితే అసలు చూడాల్సింది నాళాలు. ఫిబులాతో, అంటే ఆ కాలి సన్న ఎముకతో పాటు కాలికి ఉన్న మూడు ధమనుల్లో ఒకటి వచ్చేస్తుంది, మిగిలిన రెండూ పాదాన్ని పోషించాలి. కొందరికి పుట్టుకతోనే ఆ రెండూ సన్నగా ఉంటాయి, అలాంటి కాలు ముట్టుకోకూడదు. బీడీలు తాగినవారికి నాళాల్లో పూత పేరుకుపోయి ఉండొచ్చు. సీటీ యాంజియో అందుకే. సీటీ రంగు మందు ఎక్కించే ముందు కిడ్నీల పరీక్ష, అదే క్రియాటినిన్ చూస్తారు. మోకాళ్లు, నడుము పట్టేసిన మనిషి కాబట్టి ఆపరేషన్ తర్వాత నడకకు ఫిజియోథెరపీ కూడా ముందే మాట్లాడుకోండి. బొటనవేలు వంచే బలం కొంత తగ్గుతుంది, పిక్క మీద తొడ చర్మం అతికించిన మచ్చ ఉంటుంది. పొలం గట్ల మీద నడిచేవాళ్లను చూశాను, కానీ కొన్ని నెలలు పడుతుంది.

ఆక్సిజన్ ఛాంబర్ మీద చాలా ఏళ్లు ఆశలు పెట్టుకున్నాం. ఇప్పుడు అంత నమ్మకం లేదు. ఏదేమైనా విరిగి, బయటికి చిల్లు పడిన దవడను ఛాంబర్ ఒక్కటే అతికించదు. వీడియో పంపిన అన్నకు ఆ మాట చెప్పండి.

పనిలో పనిగా ఇది చదివే అందరికీ: ముఖానికి, మెడకు కరెంటు పెట్టించుకున్నవారు పదేళ్లయినా సరే, కింది పన్ను పీకించుకునే ముందు ఆ సంగతి డెంటిస్టుకు చెప్పండి. డెంటిస్టు మిత్రులారా, మీరు కూడా అడగండి. మెడ మీద మచ్చ చూసి కూడా అడగకపోవడం నాకు అర్థం కాని విషయం.

జడ్చర్ల టైలరక్క

డాక్టర్ సార్, కరెంటుకు ముందే పాడైన పళ్లన్నీ తీయించుకోమని మాకు చెప్పారు, ఆయన ఒప్పుకోలేదు, గొడవ పడి తీయించిన. ఇప్పుడు అర్థమైతుంది.

మర్రిగూడ బత్తాయి

నిన్న మొదటి డాక్టర్‌ను మళ్లీ కలిశాం. ఈసారి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని పోయాను. చెడిన ఎముక గదవ మధ్య గీత దాకా వచ్చిందట, దాటలేదు కానీ తీసేటప్పుడు ఆరోగ్యంగా కనిపించేదాకా పోవాలి కాబట్టి దాటే అవకాశం ఉందన్నారు. దేనికి కలుపుతారు అంటే ముందు కుడి మెడలో ఫేషియల్ ధమని, అక్కడే సిర. అది కాకపోతే అదే పక్క సుపీరియర్ థైరాయిడ్ ధమని. అదీ కాకపోతే మెడ అడుగున ట్రాన్స్‌వర్స్ సెర్వికల్. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. తడుముకోలేదు సిస్టర్. కుడి ఛాతీ కండను మాత్రం ముట్టుకోకుండా ఉంచుతామన్నారు, ఒకవేళ కాలి ఫ్లాప్ నిలబడకపోతే అప్పుడు అది వాడుకోవచ్చని. రెండో డాక్టర్ చెప్పిన దారి ఇక్కడ వెనకాల ఆసరాగా ఉందన్నమాట.

రాత్రి చూసేది ఎవరంటే ఒక్క నిమిషం ఆగారు. వాళ్ల పీజీ డాక్టర్ గంటగంటకూ చూసి ఫొటో తీసి గ్రూపులో పెడతాడట, మొదటి రెండు రాత్రులు తాను ఆస్పత్రిలోనే ఉంటానన్నారు. టీఎస్‌హెచ్ అప్పుడే రాయించాను. 18 వచ్చింది. మాత్రలు మొదలుపెట్టారు, అది కొంచెం దిగాకే ఆపరేషన్ అన్నారు. కాళ్ల సీటీ సోమవారం. నాయనకు ముక్కు గొట్టం వేయించాం. ఒకరోజు అలిగాడు, రెండో రోజు నుంచి అమ్మ రాగిజావ, గుడ్డు కలిపి మిక్సీ పట్టి పోస్తుంటే ఊరుకున్నాడు.

ఒకటి అడగాలి. రక్తం ఎన్ని బాటిళ్లు సిద్ధం చేసుకోమంటారు? మా ఊరి యువజన సంఘం పిల్లలు వస్తామంటున్నారు.

నకిరేకల్ సిస్టర్

18 అంటే ఎక్కువే. మంచి పని చేశావు తమ్ముడూ. రక్తం ఎంతో బ్లడ్ బ్యాంకు, మత్తు డాక్టర్ చెప్తారు, నేను అంకె చెప్పను. పిల్లల గ్రూపులు రాసి పెట్టుకో. అందరినీ ఒకేసారి తీసుకురాకు, ఆపరేషన్ డేటు పడ్డాక ఇద్దరు ముగ్గురిని పంపు, మిగతావాళ్లను ఫోన్‌కు అందేలా ఉండమను, రాత్రి మళ్లీ థియేటర్‌కు పోవాల్సి వస్తే అప్పుడు కావాలి. జావ పోసేటప్పుడు తల ఎత్తి కూర్చోబెట్టి పోయమను, పోశాక అరగంట పడుకోనివ్వొద్దు. గొట్టం చివర మంచినీళ్లతో కడగాలి, రాగి ఎండితే మూసుకుపోతుంది. సోమవారం సీటీ అయ్యాక రిపోర్టులో కాళ్ల ధమనుల గురించి ఏం రాశారో ఇక్కడ పెట్టు, దవడ డాక్టర్ గారు కూడా చూస్తారు.